పెట్రోలు యంత్రములకు స్పార్కుప్లగ్గుల నెంచుకొను విధము

రైతుల యిండ్లలో పెట్రోలుతో నడచు యంత్రములు నానాట హెచ్చుచున్నవి. మందు చల్లు పవర్ స్ప్రేయరు, గడ్డి కోయు బ్రష్ కట్టరు, కలుపు తీయు పవర్ వీడరు, బస్తీకి బోవు మోటారుసైకిలు, వీని కన్నిటికిని స్పార్కుప్లగ్గు ప్రాణప్రదము. డీజిలు యంత్రమున కిది లేదు. అందు గాలిని గట్టిగా నొత్తుటచే పుట్టిన వేడికే నూనె మండును. పెట్రోలు యంత్రమున గాలియు పెట్రోలును గలసిన మిశ్రమమును నిప్పురవ్వ యంటింపవలెను.

ప్లగ్గు వెల స్వల్పమగుటచే దాని నెంచుటలో పలువు రశ్రద్ధ చేయుచున్నారు. మర సరిపోయినచో చాలునని యేదో యొకటి తెచ్చి బిగింతురు. తగని ప్లగ్గువలన పిస్టను తల కరగి రంధ్రము పడుటయు గలదు. పైరునకు పురుగు పట్టిన దినములలో స్ప్రేయరు నిలిచిపోయినచో గలుగు నష్టము ప్లగ్గు వెలతో పోల్చదగినది కాదు. కావున నీ విషయమును సభ్యులకు వివరింపదలచితిమి.

ప్లగ్గునకు పనులు రెండు. రవ్వ పుట్టించుట మొదటిది. తన ముక్కున జేరిన వేడిని సిలిండరు హెడ్డునకు చేరవేయుట రెండవది. ఈ రెండవదానిని పెక్కుమంది యెరుగరు. ప్లగ్గు ముక్కు వేడి సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు మొదలు 850 డిగ్రీల లోపల నుండవలెను. అంతకు తగ్గినచో మసి కాలిపోక పేరుకొనును. విద్యుత్తు మసి వెంట జారిపోయి రవ్వ పడదు. మితిమీరినచో ముక్కు నిప్పుకణికవలె నెఱ్ఱబడి, రవ్వ పడకమునుపే మిశ్రమము నంటించును. పైకి వచ్చుచున్న పిస్టనుకు మంట యెదురై దానిని పాడుచేయును.

పొలమున నిలిచిన నీటికి మురుగుకాలువ దగ్గరనున్నచో త్వరగా దిగిపోవును, దూరమైనచో తడవగును. ప్లగ్గులో వేడియు నిట్లే. లోపలి పింగాణి ముక్కు పొట్టిదైనచో వేడి త్వరగా హెడ్డునకు దిగును. ఇది కోల్డ్ ప్లగ్గు. ముక్కు పొడవైనచో వేడి నిలుచును. ఇది హాట్ ప్లగ్గు. హాట్ ప్లగ్గు రవ్వ మిక్కిలి వేడిదనియు, కోల్డ్ ప్లగ్గు యంత్రమును చల్లబరచుననియు తలచుట పొరపాటు. భేదమంతయు ముక్కున వేడి నిలుచుటలోనే యున్నది.

తేలికబరువుతో మెల్లగా నడచు యంత్రమునకు హాట్ ప్లగ్గును, హెచ్చువేగముతో పూర్తిబలమున చాలసేపు నడచు యంత్రమునకు కోల్డ్ ప్లగ్గును తగియుండును. మన యువకులలో కొందరు మోటారుసైకిలు బలమును బెంచుటకై సిలిండరులో నొత్తిడి హెచ్చునట్లు మార్పులు చేయించి, పందెపుబండ్లకు వేయు మిక్కిలి కోల్డ్ ప్లగ్గును దెచ్చి బిగించుచున్నారు. బలము హెచ్చినకొలది వేడి హెచ్చుననుట నిజమే. కాని పందెపుబండి యించుమించుగా నెల్లప్పుడు పూర్తివేగమున నుండును. వీథిలో దిరుగు బండి సందులలో మెల్లగా నడచుచు, మాటిమాటికి నిలుచుచుండును. అప్పుడు ముక్కు చాలినంత కాగక మసి పట్టును. కోల్డ్ వైపునకు ఒక్క అంకె జరిగినచో ముక్కు వేడి సుమారు 70 మొదలు 100 డిగ్రీలవరకు తగ్గును. కావున మార్పు చేసిన యంత్రమునకు మొదట నొక్క అంకె మాత్రమే జరిపి, నడిపి, ముక్కును పరీక్షించి చూడవలెను. మార్పు చేయని యంత్రమునకు తయారుదారు చెప్పిన అంకెయే శ్రేష్ఠము.

అంకెల విషయమున నొక హెచ్చరిక. ఎన్‌జీకే ప్లగ్గులలో అంకె పెరిగినకొలది ప్లగ్గు కోల్డ్ అగును. బాష్, ఛాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగినకొలది హాట్ అగును. ఒక కంపెనీ అంకెను బట్టి మరియొక కంపెనీ ప్లగ్గును గొనరాదు. ఉదాహరణమునకు ఎన్‌జీకే వారి బీపీఆర్6ఈఎస్ అను గుర్తులో బీ యనగా మర వ్యాసము 14 మిల్లీమీటర్లు. పీ యనగా ముక్కు ముందునకు జొచ్చినది. ఆర్ యనగా రెసిస్టరు గలది. 6 వేడి అంకె. ఈ యనగా మర పొడవు 19 మిల్లీమీటర్లు. మర పొడవు మిక్కిలి ముఖ్యము. పొడవు హెచ్చినచో పిస్టను ప్లగ్గునకు తగులవచ్చును. తగ్గినచో హెడ్డులోని మరలలో మసి చేరును. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గల బండికి రెసిస్టరు ప్లగ్గు చెప్పియున్నచో అదియే వేయవలెను.

రవ్వ దాటు సందును గ్యాపు అందురు. దీనిని ఫీలర్ గేజితో కొలిచి, యంత్రపు పుస్తకమున నున్న కొలతకు సరిచేయవలెను. ఒత్తిడి పెంచిన యంత్రమున రవ్వ దాటుటకు హెచ్చు వోల్టేజి కావలెను. అచ్చట గ్యాపు కొంచెము తగ్గించుట కలదు. ఇరిడియము ప్లగ్గు కొన సన్ననిది. రవ్వ సులభముగా దాటును, చాలకాలము మన్నును. కాని యంత్రమునకు లేని బలమును అది తెచ్చి యీయజాలదు. దాని కొన పెళుసు. గేజితో నొత్తరాదు, తీగె బ్రష్షుతో రుద్దరాదు.

విప్పిన ప్లగ్గు యంత్రము స్థితిని దెలుపును. ముక్కు లేత గోధుమవన్నె నున్నచో క్షేమము. పొడిమసి పట్టినచో గాలి ఫిల్టరు మూసుకొనినదేమో, పెట్రోలు హెచ్చుగా వచ్చుచున్నదేమో చూడవలెను. నూనెతో తడిసియున్నచో, స్ప్రేయరు వంటి టూస్ట్రోకు యంత్రమున నూనె పాలు హెచ్చైనదని సాధారణముగా నెంచవచ్చును. తెల్లబడి పొక్కులెక్కినచో వేడి మితిమీరినది. వెంటనే నిలిపి, గాలి చొరబడుచున్నదేమో, పెట్రోలు చాలుచున్నదో లేదో పరీక్షింపవలెను. కారణమును దీర్పక ప్లగ్గును మాత్రము మార్చుట జ్వరమునకు దుప్పటి మార్చుట వంటిది.

యంత్రము చల్లారిన పిమ్మటనే ప్లగ్గు విప్పవలెను. వేడి అల్యూమినియము హెడ్డులో మరలు చెడును. చుట్టునున్న దుమ్ము నూదివేయవలెను. కొత్తదానిని మొదట చేతితోనే త్రిప్పి మరలో బెట్టి, వాషరు తగిలిన పిదప ప్లగ్గుపానాతో బిగింపవలెను. 14 మిల్లీమీటర్ల ప్లగ్గునకు అరచుట్టు మొదలు మూడింట రెండుపాళ్ల చుట్టు చాలును. బలము జూపరాదు.

ప్రతి సభ్యుడును తన యంత్రపు పుస్తకమున నున్న ప్లగ్గు గుర్తును, గ్యాపు కొలతను యంత్రముపై రంగుతో వ్రాసికొనుట మంచిది. ఒకే రకపు స్ప్రేయర్లు గలవారు ఆ గుర్తులను సంఘమునకు దెలిపినచో, మందుల కాలమునకు ముందే నికరమైన సరకును కలిసి కొనవచ్చును. పురుగు పట్టిన పిదప ప్లగ్గునకై పట్టణమునకు పరుగిడుటకంటె, ఇంట నొకటి సిద్ధముగా నుంచుకొనుట మేలు.