తుపాకీ, కొడవలి, పచ్చగడ్డి

కర్ణాటకలోని కొడగులో కొడవ తెగవాళ్ల ఇంట మగబిడ్డ పుడితే గాల్లోకి ఒక తూటా పేలుస్తారు. ఎవరైనా పోతే వెంటవెంటనే రెండు. ఏటా సెప్టెంబరులో కైల్‌పొద్ పండుగనాడు, మనం దసరాకు చేసినట్టే, తుపాకీకి పూలు పెట్టి మొక్కుతారు. దానికి లైసెన్సు అక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ల నాటి ఆ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లకు పొడిగించింది. ఇంటింటా తుపాకీ ఉన్నా, హత్యలకు పేరుపడ్డ జిల్లా మాత్రం కాదది.

ఇప్పుడు రాయలసీమకు రండి. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టానికి అలాంటి మినహాయింపేమీ లేదు. అయినా ఊరి మీద పెత్తనం, కాంట్రాక్టులు, తాతల నాటి పగలు కలిసి కొన్ని దశాబ్దాలపాటు ఫ్యాక్షన్ ఊళ్లను వల్లకాడు చేశాయి. తుపాకీ దొరకనివాడికి వేటకొడవలి ఉంది, నాటుబాంబు ఉంది. (సుమోలు గాల్లోకి లేవడం మాత్రం సినిమావాళ్ల సొంత కవిత్వం.)

మన దేశంలో 2022లో నమోదైన హత్య కేసులు 28,522. కారణాల్లో మొదటిది దోపిడీ కాదు, తగాదా: 9,962 కేసులు.

మెక్సికోలో చాలాకాలం దేశం మొత్తానికీ చట్టబద్ధమైన తుపాకుల దుకాణం ఒక్కటే. అదీ రాజధానిలో, సైన్యం చేతిలో. అయినా అక్కడ ఏటా 30 వేలకు పైగా హత్యలు జరిగిన సంవత్సరాలున్నాయి. చట్టం గట్టిదే, సరిహద్దే గట్టిది కాదు. అమెరికాలో కొన్న తుపాకులు దొంగదారిన ఇటు దిగుతాయి.

ఆ అమెరికాలో 2017 అంచనా ప్రకారం 100 మందికి 120 తుపాకులు. 1991లో లక్ష మందికి 9.8గా ఉన్న హత్యల రేటు 2014కల్లా సగానికి పడిపోయింది. ఆ మధ్యకాలంలో తుపాకులేమీ తగ్గలేదు! అయితే తుపాకీకీ చావుకీ సంబంధం లేదని తేల్చేసుకుంటే తొందరపాటే. ఫ్రాంక్లిన్ జిమ్రింగ్, గోర్డన్ హాకిన్స్ 1997లో తెచ్చిన పుస్తకంలో లండన్‌నీ న్యూయార్క్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. దొంగతనాలు, ఇళ్లకు కన్నాలు లండన్‌లోనే ఎక్కువ. ప్రాణాలు పోవడం మాత్రం న్యూయార్క్‌లో ఎన్నో రెట్లు. కొట్లాట ఎక్కడైనా కొట్లాటే, చేతికి ఏది అందిందన్న దాన్నిబట్టి అది ఆసుపత్రిలో ఆగుతుందో శ్మశానం దాకా పోతుందో తేలుతుంది.

స్విట్జర్లాండ్‌లో సైనికులు రైఫిల్‌ని ఇంటికి తీసుకెళ్లడం ఆనవాయితీ. హత్యలు చాలా తక్కువ. 2003లో సైన్యాన్ని సగానికి కుదించడంతో ఇళ్లలో రైఫిళ్లు తగ్గాయి. సైన్యంలో పనిచేసే వయసు మగవాళ్లలో ఆత్మహత్యలూ తగ్గాయి. తుపాకీ లేదని వేరే దారి వెతుక్కున్నవాళ్లు కొద్దిమందే.

తుపాకుల జోలికి పోకుండానే హింసను తగ్గించే దారులూ ఉన్నాయి. అమెరికాలోని షికాగోలో 2012 వేసవిలో పేద పేటల స్కూలు పిల్లలకు 8 వారాలు చిన్న కొలువులిచ్చారు. తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల కింద వాళ్ల అరెస్టులు, కొలువు రాని పిల్లలతో పోలిస్తే, 43 శాతం తక్కువ.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఫిలడెల్ఫియా. ఆ ఊళ్లో పాడుబడ్డ ఖాళీ స్థలాలు వేలల్లో ఉన్నాయి. పరిశోధకులు 541 స్థలాలను ఎంచుకుని, చీట్లు తీసినట్టు విడదీసి, కొన్నింటిని బాగుచేయించారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. చేసింది పెద్ద పనేమీ కాదు: చెత్త ఎత్తేయడం, నేల చదునుచేయడం, గడ్డి పరచి నాలుగు మొక్కలు నాటడం, నెలనెలా వచ్చి కోయడం. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం, బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల, నిరుపేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. లైసెన్సు లేని తుపాకీ ఒంటిమీద దొరికితే కేసు కాబట్టి దాన్ని పొదల్లో, చెత్తకుప్పల్లో దాచే అలవాటు అక్కడ ఉంది. పొద పోయింది, దాపు పోయింది. ఈ ఖర్చును తుపాకుల కట్టడి పద్దులో రాయాలో, పేటల బాగు పద్దులో రాయాలో చెప్పడం కష్టమే. బాగుచేసిన స్థలాల చుట్టూ కట్టిన చెక్క కంచె కూడా పొట్టిదే. చెత్త పారబోసే లారీ లోపలికి రాలేదు, మనుషులు మాత్రం వచ్చి కూర్చోవచ్చు.