మాస్టర్ సిలిండర్: మా జీపు నేర్పిన పాఠం

ఇంటర్మీడియట్‌లో పాస్కల్ నియమాన్ని నేను ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్క లేదు. బంధించిన ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది తగ్గకుండా అన్ని దిక్కులకూ ప్రసరిస్తుంది. రాసినందుకు మార్కులు కూడా వచ్చాయి. కాని ఆ నియమం మా ఇంటి పాత జీపులో, మా నాయిన కాలి కింద పని చేస్తున్నదని నిరుడు కార్తీకమాసం దాకా నాకు తట్టలేదు.

మాది అచ్చంపేట దగ్గరి పల్లె. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లా. పల్లికాయ మార్కెట్‌కు చేర్చాలన్నా, ఎరువు బస్తాలు తేవాలన్నా మాకు ఆ జీపే దిక్కు. నిరుడు ఇంటిల్లిపాదీ అందులోనే శ్రీశైలం బయలుదేరాం. మన్ననూరు దాటి, అడవి దాటి, దోమలపెంట తర్వాత కృష్ణ వైపు దిగే మలుపుల్లో నాయిన ముఖం మారింది.

“ఏమైంది నాయినా?”

“బ్రేకు దూది లెక్క పోతున్నది బిడ్డా. అందర్ని గట్టిగ పట్టుకొని కూసోమను.”

ఆయన గబగబా మూడు నాలుగుసార్లు పెడల్ తొక్కి, గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు లాగి, బండిని కొండ పక్కకు ఒరిపించి ఆపాడు. లోపల నాయనమ్మతో సహా ఎనిమిది మందిమి. దిగి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బా నిండుగా ఉంది. విచిత్రమేమంటే, గంట ఆగి తొక్కితే పెడల్ మళ్లీ గట్టిగా నిలిచింది! నెమ్మదిగా, మొదటి గేరులోనే కిందికి చేరాం. నిండిన డబ్బా, మాయమైన బ్రేకు, తిరిగొచ్చిన బ్రేకు... ఈ చిక్కుముడి విప్పాలంటే మాస్టర్ సిలిండర్ లోపలికి పోవాలి.

అది ఒక చిన్న గొట్టం. అందులో పిస్టన్, దాని ముందు మిస్త్రీలు వాషర్ అని పిలిచే రబ్బరు కప్పు, వెనక్కి నెట్టే స్ప్రింగు, పైన ఆయిలు డబ్బా. డబ్బా నుంచి గొట్టంలోకి రెండు రంధ్రాలు. చిన్నది సరిగ్గా రబ్బరు కప్పు అంచుకు ముందు ఉంటుంది. పెడల్ తొక్కగానే కప్పు ముందుకు జరిగి ఆ రంధ్రాన్ని దాటుతుంది. అప్పుడు ముందున్న ఆయిలుకు పోవడానికి దారి ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి సన్నని పైపుల గుండా నాలుగు చక్రాలకు పోయి, లైనర్లను డ్రమ్ముకు అదుముతుంది.

లెక్క చూద్దాం. కాలితో 15 కిలోల బలం వేశామనుకోండి. పెడల్ మీట వల్ల అది 5 రెట్లై 75 కిలోలవుతుంది. పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లయితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు. చక్రం దగ్గరి పిస్టన్ 6 చదరపు సెంటీమీటర్లయితే అక్కడ 150 కిలోల బలం! ప్రకృతి ఊరికే ఏదీ ఇవ్వదు. బలం పెరిగినంత మేర జరిగే దూరం తగ్గుతుంది. అందుకే కాలు అంత లోతుకు పోయినా లైనరు జరిగేది పిసరంతే.

కాలు తీయగానే పిస్టన్ వెనక్కి వస్తుంది, చిన్న రంధ్రం తెరుచుకుంటుంది, ఒత్తిడి డబ్బాలోకి విడుదలవుతుంది. వేడికి వ్యాకోచించిన ఆయిలు కూడా ఆ దారినే పైకి పోవాలి. మా కథలో దొంగ ఇక్కడే దొరికాడు.

అచ్చంపేటలో మిస్త్రీ సిలిండర్ విప్పి, ఉబ్బి మెత్తబడిన వాషర్‌ను నా అరచేతిలో పెట్టాడు.

“దీంట్ల ఏం పోసిండ్రు తమ్మీ?”

నా నోరు పెగల్లేదు. పది రోజుల ముందు ఆయిలు తగ్గిందని, ఇంట్లో ఉన్న ఇంజన్ ఆయిలు పోసింది నేనే.

బ్రేకు ఆయిలు గ్లైకాల్ జాతి ద్రవం. ఆ రబ్బరు దానికి తగినట్టు తయారవుతుంది, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన కప్పు చిన్న రంధ్రాన్ని మూసేసింది. ఒత్తిడి విడుదల కాక లైనర్లు ఎప్పుడూ డ్రమ్ముకు రాసుకుంటూనే ఉన్నాయి. వారం నుంచి బండి బరువుగా నడుస్తుంటే ఇంజనుకు బలం తగ్గిందనుకున్నాం! ఘాటు దిగేటప్పుడు డ్రమ్ములు ఇంకా కాలి, పైపుల చివర ఆయిలు మరిగి ఆవిరి బుడగలయింది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా బుడగలను నలపడానికే పోయింది. గంటలో చల్లారి ఆవిరి మళ్లీ ఆయిలయింది, పెడల్ గట్టిపడింది.

సరైన ఆయిలుకూ ఆయుష్షు ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. అందుకే సాధారణంగా రెండేండ్లకోసారి మార్చమంటారు. డబ్బాలో తగ్గిందంటే నింపి ఊరుకోరాదు. ఎక్కడో కారుతుండాలి, లేదా లైనర్లు అరిగి ఉండాలి.

మా జీపులో గది ఒక్కటే, అది పోతే నాలుగు చక్రాలూ పోయినట్టే. ఇప్పటి కార్లలో ఒకే గొట్టంలో రెండు పిస్టన్లు, రెండు వేరు దారులు ఉంటాయి. ఒకటి చెడినా రెండోది కొంతైనా ఆపుతుంది.

నాలుగు చక్రాల రబ్బర్లు, హోస్ పైపులు, మాస్టర్ సిలిండర్ కిట్టు అన్నీ మార్చి, పైపులు కడిగించి, గాలి తీయించేసరికి పల్లి విత్తనానికి దాచిన పైసలు అయిపోయాయి. నాయిన కోపం చేయలేదు. “సదువుకున్నోనివి, ఒక మాట అడిగి పోస్తే అయిపోవు గద” అన్నాడు, అంతే.

మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి బండి బ్రేకు డబ్బా మూత మీద ఏ రకం ఆయిలు పోయాలని రాసి ఉందో ఒకసారి చదవండి. నేను చదవకుండానే పోశాను.