వివాహ సూచికలో పేరు లేకున్నా పెళ్లి జరగలేదనరాదు
నేటాల్ తెలుగువారి మూలాల అన్వేషణలో గమనించవలసిన అంశాలు

శ్రీకాకుళం: దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు 1860 నుంచి 1911 వరకు సుమారు లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా తరలివెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో నాటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు అనేకులు. వారి మునిమనుమలు నేడు పూర్వీకుల ఊరు వెదికేందుకు పాత వివాహ సూచికలను ఆశ్రయిస్తున్నారు. అయితే పేరు కనిపించకపోతే పెళ్లే జరగలేదని, కనిపిస్తే తమవారేనని నిర్ణయించడం రెండూ పొరపాట్లే.

పెళ్లి తేదీ వేరు, నమోదు తేదీ వేరు

నేటాల్‌లో 1891 నాటి చట్టం ప్రకారం భారతీయుల వివాహాలను వలసదారుల సంరక్షకుని కార్యాలయంలో నమోదు చేయించవలసి ఉండేది. పెద్దల సమక్షంలో తాళి కట్టి, ఆ కార్యాలయం గడప తొక్కని జంటలూ ఉన్నాయి. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారాల ప్రకారం జరిగిన వివాహాలకు చట్టబద్ధత లేదని 1913 మార్చిలో న్యాయమూర్తి సెర్ల్ తీర్పు ఇచ్చారు. గాంధీజీ నడిపిన సత్యాగ్రహంలోకి మహిళలు రావడానికి ఈ తీర్పు కారణమైంది. 1914 నాటి చట్టం వల్ల అప్పటికే కాపురం చేస్తున్న దంపతులకు నమోదు అవకాశం లభించింది. కనుక పెద్ద బిడ్డ పుట్టిన చాలాకాలానికి తల్లిదండ్రుల వివాహం నమోదై ఉంటే దానిని తప్పుగా భావించరాదు.

ఇంటిపేరు మాయం

గుమాస్తాలు చెవికి వినిపించినట్లు పేర్లు రాసుకున్నారు. ఓడ పట్టికలలో తండ్రి పేరు, కులం ఉన్నాయి గాని ఇంటిపేరుకు చోటు లేదు. దానితో తండ్రి పేరో, ‘నాయుడు’ వంటి కుల బిరుదో తరువాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. అందుచేత ఇద్దరు నాయుళ్లు ఒకే వంశం వారని చెప్పలేము. సొంత అన్నదమ్ములే సూచికలో వేర్వేరు అక్షరాల కింద ఉండవచ్చు.

సంఖ్యే ఆధారం

ప్రతి కూలీకి ప్రభుత్వం ఒక సంఖ్య కేటాయించింది. పేరు మారినా ఆ సంఖ్య మారదు. వివాహ నమోదులో అది ఉంటే, ఓడ పట్టికలో అదే సంఖ్య ఎదుట వయసు, జిల్లా, గ్రామం, పుట్టుమచ్చల వివరాలు సరిచూడవచ్చు. సూచిక కేవలం నకలు. చేతిరాత పోల్చుకోలేక నకలులో దొర్లిన తప్పు అసలు పుస్తకం చూస్తేనే బయటపడుతుంది.

జిల్లా పేరుతో జాగ్రత్త

‘గంజాం’ అని ఉన్నంత మాత్రాన ఒడిశాలోనే వెదకరాదు. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం నాడు గంజాం జిల్లాలోనివే. 1936లో ఒడిశా ఏర్పడినపుడు ఆ జిల్లా చీలింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. వచ్చినవారు చూపే ఊరి పేరు వంకరగా ఉన్నా, దానిని పైకి చదివి వినిపిస్తే గ్రామ పెద్దలు గుర్తించే అవకాశం ఉంది. పట్టికలో లేని ఇంటిపేరు సైతం వారి జ్ఞాపకాలలో దొరకవచ్చు.