పేరు ఎవరిదో, ప్లాటు వారిదే
విదేశాల్లో ఉంటూ ఇక్కడ స్థలం కొనేవారికి, వ్యాపారంలో వాటా పెట్టేవారికి కొన్ని మాటలు



ఈ సావనీర్ చేతికి తీసుకునేవారిలో చాలామంది జిద్దాలోనో, రియాద్‌లోనో, దుబాయిలోనో, చికాగోలోనో కష్టపడుతున్నవారు, లేదా అక్కడ కష్టపడి ఇంటికి చేరినవారు. మన్సూరాబాద్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో లేచిన ఎన్నో ఇళ్ల వెనక ఆ చెమట ఉంది. అందుకే ఈసారి విరాళాల లెక్కలతో పాటు మీ సొంత ఆస్తి గురించి కూడా రాయాలనుకున్నాం. దానికి ఒక కారణం ఉంది.

సాయం కోరుతూ ఒక సోదరి మా దగ్గరకు వచ్చారు. ఇద్దరు పిల్లల ఫీజు కట్టాలి. భర్త సౌదీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి వచ్చిన మనిషి. "మీకు ఇక్కడ రెండు వందల గజాల ప్లాటు ఉంది కదమ్మా?" అని మేం అడిగాం. "డబ్బు మాది భాయ్, కాగితం మరిది పేరు మీద ఉంది" అన్నారు. ఆ మరిది చనిపోయాడు. అతనికి కొడుకులు ఉన్నారు కాబట్టి షరీఅత్ లెక్కలో అన్నకు వారసత్వ వాటా కూడా రాదు. మోసం చేద్దామని ఎవరూ అనుకోలేదు. అన్నకు సెలవు దొరకలేదు, రిజిస్ట్రేషన్ తమ్ముడి పేరు మీద జరిగిపోయింది, అంతే. చివరికి పెద్దలు కూర్చుని మాట్లాడాక, తమ్ముడి భార్య, ఎదిగిన పిల్లలు ప్లాటు అమ్మి కొంత సొమ్ము పెదనాన్నకు ఇచ్చారు. అది వారి మంచి మనసు. చట్టం వారిని బలవంతపెట్టి ఉండేది కాదు.

బేనామీ చట్టం ఏమంటుంది?

డబ్బు ఒకరిది, పేరు మరొకరిది అయితే దాన్ని బేనామీ అంటారు. 1988 నాటి చట్టం ప్రకారం, "అది నిజానికి నా ఆస్తి" అంటూ డబ్బు పెట్టినవాడు కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. 2016లో సవరణ వచ్చి, నవంబర్ 1 నుంచి ఇది మరింత కఠినమైంది. ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు, ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

సంపాదన ఎక్కడిదో చూపగలిగితే భార్య పేరు మీద, పిల్లల పేరు మీద కొనడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల విషయంలో మాత్రం దస్తావేజులో వారి పేరుతో పాటు మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. "తమ్ముడి పేరు మీద ఉంటే ఏమవుతుందిలే" అనుకునేవారికి ఈ తేడా తెలియదు. ఇప్పటికే అలా కొని ఉంటే, తిరిగి మీ పేరు మీదకు రాయించుకునేందుకు తొందరపడకండి. బేనామీ ఆస్తిని అసలు యజమానికి తిరిగి బదలాయించడాన్ని కూడా ఈ చట్టం నిషేధించింది. ముందు మంచి వకీలుకు కాగితాలు చూపించండి.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ బాధ కొత్తది కాదు. కఫీల్ పేరు మీద బఖాలా పెట్టి, ఒకరోజు తాళం చెవి కూడా దక్కకుండా పోయినవారి కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. సౌదీలో దీన్ని 'తసత్తుర్' అంటారు. 2020లో వచ్చిన చట్టం దీనికి ఐదేళ్ల దాకా జైలు, 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా పెట్టింది. దుబాయిలో 2002 నుంచి కొన్ని ప్రాంతాల్లో విదేశీయులు సొంత పేరుతో ఇల్లు కొనే వీలు కలిగింది. 2021 జూన్ నుంచి యూఏఈలో చాలా రకాల కంపెనీలకు స్థానిక భాగస్వామి అవసరం లేకుండా పోయింది. అక్కడ ఇంకొకరి పేరు మీద పెట్టి దెబ్బతిన్న మనం, ఇంటికొచ్చి అదే పని చేయడం ఏం న్యాయం?

మనం ఎప్పుడు 'బయటివాళ్లం' అవుతాం?

ఉద్యోగానికి దేశం దాటినవారిని ఫెమా చట్టం ప్రవాసులుగానే లెక్కిస్తుంది. చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నా అంతే. అమెరికా, కెనడా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవారికి ఓసీఐ కార్డు ఉంటుంది. తొలి ఓసీఐ కార్డులు అందజేసింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో.

ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డుదారులు ఇళ్లు, ఇళ్ల స్థలాలు, దుకాణాలు ఎన్నైనా కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటల భూమి మాత్రం కొనకూడదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇక్కడే నివసించే భారతీయుడికే అమ్మాలి.

హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే మీద వెళ్తే 'ఫామ్ ప్లాట్లు' అని బోర్డులు కనిపిస్తాయి. గుంటల లెక్కన, అంటే 121 గజాల చొప్పున, అమ్ముతారు. కాగితంలో అది వ్యవసాయ భూమిగానే ఉంటే ప్రవాసికి అది కొనే హక్కు లేదు. రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో అన్నారంటే అది వ్యవసాయ భూమి అని గుర్తు. ఇళ్ల స్థలమైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది.

డబ్బు వచ్చే దారి

డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. విదేశం నుంచి నేరుగా పంపవచ్చు, లేదా ఎన్ఆర్ఈ, ఎఫ్‌సీఎన్ఆర్, ఎన్ఆర్ఓ ఖాతాల నుంచి చెల్లించవచ్చు. విదేశీ నోట్లు చేతికిచ్చి కొనడం కుదరదు. హవాలాలో వచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. రేపు ఇల్లు అమ్మి ఆ సొమ్ము తిరిగి తీసుకెళ్లాలంటే, అది ఎలా వచ్చిందో బ్యాంకు అడుగుతుంది. ఇక్కడి పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించుకోవడం కూడా మరిచిపోవద్దు.

అమ్మేవాడు ప్రవాసి అయితే కొనేవాడు పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. స్థానికుడి దగ్గర 50 లక్షలు, ఆపైన విలువకు కొంటే పట్టే ఒక శాతం ఇక్కడ వర్తించదు. ప్రవాసి దీర్ఘకాల లాభంపై పన్ను రేటు 2024 జులై 23 నుంచి 12.5 శాతం, దానిపై సెస్సు, సర్‌చార్జీ. లాభం తక్కువే అయితే ముందుగానే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసి, తక్కువ మినహాయింపుకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అద్దె తీసుకుంటున్నా అద్దెదారు పన్ను పట్టాలి.

జీపీఏ, దుకాణంలో వాటా

రాలేనివారు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో ధ్రువీకరింపజేసి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. 'అన్ని అధికారాలూ' అని రాయకుండా ఫలానా ప్లాటు, ఫలానా పని అని రాయండి. జీపీఏ మీద అమ్మకం జరిగితే కొన్నవారికి హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. అందుకని జీపీఏ కాగితాలు చూపి అమ్మజూపే ప్లాటు జోలికి వెళ్లకండి. రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాలని అడగండి.

బావమరిది టైర్ల షాపులోనో, బంధువుల హోటల్‌లోనో డబ్బు పెట్టేవారు కూడా ఉన్నారు. ప్రవాసి పార్టనర్‌షిప్‌లో చేరవచ్చు. పెట్టిన అసలును విదేశానికి తిరిగి తీసుకెళ్లే హక్కు లేకుండా పెట్టాలన్నది షరతు. వ్యవసాయం, స్థలాలు కొని అమ్మే వ్యాపారం వంటివి ఇందులోకి రావు. నోటి మాట మీద వదలక పార్టనర్‌షిప్ డీడ్ రాసుకోండి. లావాదేవీని రాసిపెట్టుకోమని సూరా అల్‌బఖరా 282వ ఆయత్ మనకు నేర్పింది. రాతకోతలు అడిగితే బంధువులు నొచ్చుకుంటారని వెనకాడకండి. రాయకపోతేనే ఆ బంధుత్వం పోతుంది.

స్థలం చూసేటప్పుడు

సెలవుల్లో వచ్చి మే నెల ఎండలో చూసిన స్థలం పొడిగానే ఉంటుంది. 2020 అక్టోబర్ వానలకు నగరానికి తూర్పున చెరువుల కింద ఉన్న కాలనీలు నీట మునగడం మనం చూశాం. మన్సూరాబాద్ పెద్ద చెరువైనా, మరే చెరువైనా, ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. వానాకాలంలో ఎవరినైనా పంపి ఫొటోలు తెప్పించుకోండి.

ఈసీ తీయండి. 22-ఏ నిషేధిత జాబితా చూడండి. ప్రభుత్వ, వక్ఫ్ భూముల సర్వే నంబర్లు అందులో ఉంటాయి. వక్ఫ్ బోర్డు గెజిట్ కూడా చూడండి. వక్ఫ్ భూమిలో తెలియక ఇల్లు కట్టుకోవడం మనకు డబ్బు నష్టమే కాదు, అమానత్‌కు కూడా దెబ్బ. లేఅవుట్‌కు హెచ్ఎండీఏ అనుమతి ఉందా, లేకుంటే ఎల్ఆర్ఎస్ కట్టారా అన్నది కాగితం చూసి నమ్మండి. కొత్త అపార్ట్‌మెంట్ అయితే రెరా నంబరు అడగండి.

ఇదంతా వకీలు సలహాకు బదులు కాదు. వకీలు దగ్గరకు వెళ్లే ముందు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే. మీరు పంపే ప్రతి రూపాయీ మాకు విలువైనదే. కానీ ఆస్తి ఉండీ లేనివారైన కుటుంబం మా దరఖాస్తుల వరుసలో నిలబడితే, ఆ రూపాయి ఇంకో నిరుపేదకు అందకుండా పోతుంది. ఈసారి సెలవులో బీరువా తెరిచి మీ కాగితాల మీద ఎవరి పేరు ఉందో ఒక్కసారి చదువుకోండి. మీ భార్యకు, పిల్లలకు చూపించండి. అల్లాహ్ మీ కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక, ఆమీన్.