జిహ్వకో రుచి

'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అన్నది మన సామెత. పసిపిల్లలు అన్నం ముందు మారాం చేస్తే తల్లులు చందమామను చూపి నాలుగు ముద్దలు తినిపిస్తారు. కాని నలభై ఏళ్ళు నిండిన పెద్దలు సైతం 'ఇది నాకు సహించదు, అది నాకు గిట్టదు' అంటూ విస్తరిలో సగం పదార్థాలను పక్కకు నెట్టివేయడం ప్రతి ఇంటా కనిపించేదే. ఈ అలవాటు దేహపు బరువును ఏ విధంగా మారుస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ గుణం నేటిది కాదు. శ్రీనాథ మహాకవి పేర ప్రచారంలో ఉన్న చాటువులలో పలనాటి జొన్నకూటిని ఈసడించినవి ఉన్నాయి. సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన నాలుకకు జొన్న రుచించలేదు. ఆ జొన్నలకూ, రాగులకూ, సజ్జలకూ పట్టం కడుతూ ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నాలుక చెప్పే తీర్పు వేరు, దేహం కోరే పోషణ వేరు.

అయితే ఆహారాన్ని ఏరుకొని తినేవారందరూ మొండివారని అనుకోరాదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి ఎగిరింది. పక్కనున్న సహచరుడు అది చేదుగా ఉందన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఈ భేదం వంశపారంపర్యంగా వస్తుందని తరువాతి పరిశోధనలలో తేలింది. ఒకరికి కమ్మగా ఉన్న కాకరకాయ మరొకరికి విషప్రాయంగా తోచడానికి ఇటువంటి భేదాలు కూడా కారణమే. కొందరికి వాసన గిట్టదు. కొందరికి జిగట పడదు. తిండి పరిధి మరీ కుంచించుకుపోయి ఆరోగ్యం చెడే స్థితిని అమెరికా మనోవైద్య సంఘం 2013లో ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది.

ఇక నెల్లూరు తీరాన్ని చూద్దాం. పెన్నా నీటితో పండే వరి, సముద్రం ఇచ్చే చేపలు, రొయ్యలు, మెట్టపొలాల రాగులు, పెరటి మునగ - ఈ సీమలో ఆహార వైవిధ్యానికి కొరత లేదు. మొలగొలుకుల బియ్యానికీ, మామిడికాయ వేసి వండే చేపల పులుసుకూ నెల్లూరు పెట్టింది పేరు. ఇంతటి సంపద నడుమ కూడా నాలుగైదు పదార్థాలతోనే జీవితం వెళ్ళదీసేవారు ఉండవచ్చు. అటువంటివారిని ఇద్దరిని ఊహించుకుందాం.

మొదటివాడు కూర ముట్టడు, పప్పు తినడు. పులుసు నీరు, వేపుడు, పెరుగు ఉంటే చాలు. కూర తగ్గిన మేరకు అన్నం పెరుగుతుంది. ఆకుకూరల్లో నీరు, పీచు ఎక్కువ, శక్తి తక్కువ. వేపుడులోని నూనె ప్రతి గ్రాముకూ 9 కెలోరీల శక్తినిస్తుంది. పీచు, మాంసకృత్తులు తగ్గితే కడుపు నిండిన తృప్తి ఎక్కువసేపు నిలవదు. అందువలన మళ్ళీ ఆకలి, మళ్ళీ చిరుతిండి. క్రమంగా బరువు పెరుగుతుంది.

రెండవవాడికి చేప వాసన పడదు, పాలు గిట్టవు, కూరగాయలు సహించవు. నిత్యం ఒకే రుచి తినేసరికి నాలుగు ముద్దలకే మొగం మొత్తుతుంది. అతడు చిక్కిపోతాడు. అలవాటు ఒక్కటే, ఫలితాలు రెండు. కాని లోపల లోటు మాత్రం ఇద్దరికీ సమానమే. ఇనుము, కాల్షియం, విటమిన్లు చాలవు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాముల వరకే ఉంటుంది. కాటాకు ఈ తేడా తెలియదు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ విషయాన్నే ఆలోచింపజేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు అనేకం. అయినా ఒళ్ళు నిండుగా ఉన్నంత మాత్రాన పోషణ నిండుగా ఉన్నట్లు కాదని ఈ అంకెలు చాటుతున్నాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కెలోరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. అంటే బియ్యం కంటె కూరగాయల తూకమే ఎక్కువ. మన విస్తరి చాలావరకు దీనికి తలక్రిందులు.

మరి మార్గమేమిటి? బలవంతం పనికిరాదు. బలవంతంగా తినిపించిన పదార్థం మీద ఏవగింపు మరింత పెరుగుతుంది. ఇష్టమైన దానిలో ఇష్టం లేనిదానిని కొద్దికొద్దిగా కలపడం మేలు. ఆకుకూర తిననివారు పప్పులో పిడికెడు తోటకూరతో మొదలుపెట్టవచ్చు. పులుసు నీరు మాత్రమే పోసుకొనేవారు అందులోని ఒక చిన్న చేపముక్కను రుచి చూడవచ్చు. ఒకసారికి నచ్చనిది పదిసార్లకు నచ్చవచ్చు. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగడానికి భయం వేస్తున్నా వైద్యుని సంప్రదించాలి.

పెళ్ళిళ్ళలో, పండుగలలో బంధువులు ఎదురుపడగానే 'చిక్కిపోయావు', 'ఒళ్ళు చేశావు' అని పలకరించడం మనకు పరిపాటి. ఆ మాట ఆ మనిషి మనసును నొప్పిస్తుంది గాని అతని లోటును తీర్చదు. దానికి బదులు పక్కన కూర్చుని, మన విస్తరిలోని కూరను అతనికి కొంచెం రుచి చూపడం మంచి పలకరింపు.