ఫ్యామిలీ ఫొటోకి వెళ్తున్నారా? బట్టల కంటే ముందు ఇవి మాట్లాడుకోండి

దుబాయ్ నుంచి అబ్బాయి నెల సెలవు మీద వచ్చాడు. కూతురు, అల్లుడు పిల్లలతో బెంగళూరు నుంచి దిగారు. దాదీ ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంది. "అందరం ఒక్కచోట ఉన్నాం కదా, ఒక మంచి ఫొటో తీయించుకుందాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వెంటనే స్టూడియోకి ఫోన్ వెళ్తుంది. ఎవరు ఏ రంగు వేసుకోవాలన్న దాని మీద గంట చర్చ నడుస్తుంది.

ఫొటో బాగానే వస్తుంది. కానీ రెండు వారాల తర్వాత చుట్టాల్లో ఎవరో ఫోన్ చేసి, "మీ కోడలి ఫొటో స్టూడియో వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో చూశాం" అంటారు. సంతోషంగా మొదలైన పని ఇంట్లో గొడవతో ముగుస్తుంది. ఇలాంటివి మన ఇళ్లలో కొత్తేమీ కాదు. స్టూడియో వాళ్లు చెడ్డవాళ్లై చేస్తారని కూడా కాదు. బాగా వచ్చిన ఫొటో కదా, నలుగురికీ చూపిద్దామనుకుంటారు. మనం ముందు చెప్పలేదు, వాళ్లు అడగలేదు. అంతే.

అందుకే ఫొటో సెషన్‌కి తయారవడం అంటే ఇస్త్రీ బట్టలు ఒక్కటే కాదు. ఆ ఫొటో ఎవరి చేతుల్లోకి వెళ్తుందో ముందే తేల్చుకోవడం.

హైదరాబాద్‌లో 1892లోనే జనానా స్టూడియో

ఈ జాగ్రత్త ఈనాటిది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన 1892లో హైదరాబాద్‌లో పర్దా పాటించే స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళ. అంటే, "ఫొటో కావాలి, పర్దా కూడా ఉండాలి" అన్న మాటకు మన నగరం ఆ రోజుల్లోనే దారి చూపించింది. ఇవాళ మనం అదే మాట అడిగితే మొహమాటపడాల్సిన పని లేదు.

చట్టం ఏమంటుంది?

చాలామందికి తెలియని విషయం ఇది. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 17 ప్రకారం, మీరు డబ్బులిచ్చి అడిగి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు మీరే. ఫొటో తీసినాయన కాదు. అయితే రెండు మెలికలు ఉన్నాయి.

మొదటిది, "వేరే ఒప్పందం లేకపోతే" అని చట్టంలోనే ఉంది. బుకింగ్ ఫారం మీదో, రసీదు వెనకో "ఫొటోలను ప్రచారానికి వాడుకునే హక్కు స్టూడియోకి ఉంటుంది" అని చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. చదివి, వద్దనుకుంటే ఆ లైన్ కొట్టేయించి అప్పుడు సంతకం పెట్టండి.

రెండోది, తెలిసిన కుర్రాడు ఫ్రీగా తీసిపెట్టాడనుకోండి. అప్పుడు ఈ నియమం వర్తించదు. హక్కు మామూలుగా తీసినవాళ్లదే అవుతుంది. కాబట్టి మనవాడే కదా అని ఊరుకోకుండా, అతనితో ఇంకా స్పష్టంగా మాట్లాడుకోవాలి.

చట్టం మనవైపు ఉన్నా కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది? అడ్వాన్స్ ఇచ్చే ముందే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: "ఈ ఫొటోలు మా కుటుంబం కోసం మాత్రమే. సోషల్ మీడియాలో, షాపులో, శాంపిల్ ఆల్బమ్‌లో వాడకూడదు. ఒప్పుకుంటే ఓకే అని రిప్లై ఇవ్వండి." ఆ ఒక్క ఓకే తర్వాత చాలా తలనొప్పులు తప్పిస్తుంది.

స్టూడియోని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఆడవాళ్ల ఫొటోలు తీయడానికి లేడీ ఫొటోగ్రాఫర్ ఉన్నారా? లైట్లు పట్టుకునే అసిస్టెంట్ ఎవరు? ఫొటోగ్రాఫర్ మహిళే అయినా, పక్కన ఇద్దరు కుర్రాళ్లు నిలబడితే మనం అడిగిందానికి అర్థం ఉండదు.

2. ఎడిటింగ్ ఎవరు చేస్తారు? అందరూ మర్చిపోయే ప్రశ్న ఇదే. చాలా చోట్ల ఫొటో ఒకరు తీస్తారు, ఆల్బమ్ డిజైన్ ఇంకొకరికి వెళ్తుంది, ప్రింటింగ్ మరో ల్యాబ్‌లో అవుతుంది. హిజాబ్ లేకుండా తీయించుకున్న ఫొటో అయితే ఈ ముగ్గురి సంగతీ తెలుసుకోవాలి. కుదరకపోతే ఆ ఫొటోలు ఇంట్లో మన కెమెరాతో తీసుకోవడమే మేలు.

3. ఫొటోలు ఎలా ఇస్తారు? ఆన్‌లైన్ లింక్ పంపితే, ఆ లింక్ దొరికిన ఎవరైనా తెరవగలరా? పెన్‌డ్రైవ్‌లో తీసుకోవడం సులువైన దారి.

4. వాళ్ల దగ్గర కాపీలు ఎన్నాళ్లు ఉంటాయి? మనకు ఇచ్చాక డిలీట్ చేస్తారా?

5. సెషన్ మధ్యలో నమాజ్‌కి, పాపకి పాలివ్వడానికి చోటు ఉందా? హిజాబ్ సర్దుకోవడానికి తలుపు గడియ పడే గది ఉందా?

వీటికి సూటిగా జవాబు చెప్పే స్టూడియో దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడికే వెళ్లండి.

వద్దన్నవాళ్లని బలవంతం చేయొద్దు

ఫొటోల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. ఒకే ఇంట్లో చాచా ఒకలా, మామూ ఒకలా ఆలోచించొచ్చు. నానీ "నాకొద్దమ్మా" అంటే అక్కడితో ఆపేయాలి. "ఒక్కటేగా" అని లాక్కొచ్చి నిలబెడితే ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. నిఖాబ్‌తోనే ఉంటానన్న భాభీని అలాగే ఉండనివ్వండి. ముందురోజు రాత్రి భోజనాల దగ్గరే అందరినీ అడిగేస్తే, స్టూడియోలో కెమెరా ముందు ఎవరూ ఇబ్బంది పడరు. పిల్లల ఫొటో స్టేటస్‌లో పెట్టొచ్చా లేదా అన్నది వాళ్ల అమ్మానాన్నలు చెప్పాలి. ఫుప్పూలు, ఖాలాలు కాదు.

ఎప్పుడు తీయించుకోవాలి?

పండగ రోజు ఈద్గా నుంచి వచ్చాక పదకొండు, పన్నెండింటికి మేడ మీద నిలబడి తీసుకునే ఫొటోల్లో కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. ఎండ నడినెత్తిన ఉండటమే కారణం. బయట తీయించుకుంటే అసర్ తర్వాత, మగ్రిబ్‌కి ముందు ఉండే గంట, గంటన్నర బెస్ట్. వెలుతురు మెత్తగా ఉంటుంది, నమాజ్ కూడా తప్పదు. అసర్ చదివి బయల్దేరి, మగ్రిబ్ అజాన్‌కి పది నిమిషాల ముందు ముగించేలా చెప్పి పెట్టండి.

చంటిపిల్లలుంటే వాళ్ల నిద్ర టైమ్ చూసుకోవాలి. నిద్ర సరిపోని పిల్లాడిని ఎన్ని చాక్లెట్లు పెట్టినా నవ్వించలేం.

బట్టలు

అందరూ ఒకే రంగు వేసుకోనక్కర్లేదు. కలిసిపోయే రెండు మూడు రంగులు చాలు. సన్న గీతల షర్టులు ఫొటోలో అలల్లా కనిపిస్తాయి, వద్దు. మగవాళ్లంతా మెరిసే తెల్ల కుర్తాలు, ఆడవాళ్లంతా నల్ల బుర్ఖాలు అయితే కెమెరాకి రెండూ ఒకేసారి సరిగ్గా అందవు. తెలుపు తెల్లగా పేలిపోతుంది, లేదా నలుపులో మడతలు కనబడవు. కుర్తాలు క్రీమ్ రంగైతే సర్దుకుంటుంది. నల్ల బుర్ఖా వేసుకున్నవాళ్లు ముదురు గోడ ముందు నిలబడకపోతే చాలు.

కళ్లజోడు ఎండకి నల్లబడే రకమైతే బయట తీసే ఫొటోలో కళ్లే కనబడవు. పాత మామూలు జోడు ఉంటే తెచ్చుకోండి.

ముందు దాదీ, తర్వాతే మిగతావాళ్లు

ఎవరెవరు కలిసి దిగాలో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. దాదీ, దాదా ఇద్దరే. వాళ్లతో కొడుకులు. కూతుళ్లు. మనవలు. ఆఖరున జంటలు విడివిడిగా. కాగితం లేకపోతే ఇంటికొచ్చాక "అయ్యో, అమ్మీతో నేనొక్కదాన్నే దిగలేదే" అన్న మాట తప్పదు. పెద్దవాళ్లకి చేతులున్న కుర్చీ వేయించి వాళ్ల ఫొటోలు మొదట్లోనే పూర్తి చేస్తే, షుగరు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తర్వాత ఫ్యాన్ కింద కూర్చోవచ్చు.

అదే రోజు పాస్‌పోర్ట్ సైజు కూడా

ఉమ్రాకో, వీసాకో ఫొటో కావాల్సినవాళ్లు ఉంటే అక్కడే తీయించేయండి. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా ఉండాలి కాబట్టి తెల్ల దుపట్టా, తెల్ల టోపీ అందులో కలిసిపోతాయి. ముదురు రంగు హిజాబ్ వేసుకోండి. మన పాస్‌పోర్ట్ ఫొటోకి మతపరమైన కారణంతో తల కప్పుకోవచ్చు. కానీ గడ్డం కింద నుంచి నుదుటి పైవరకు, ముఖం రెండు పక్కల అంచులు స్పష్టంగా కనబడాలి, నీడ పడకూడదు. అమెరికా వీసాకి సైజు వేరు, 2 అంగుళాలు బై 2 అంగుళాలు. దానికి 2016 నవంబర్ నుంచి కళ్లజోడుతో ఫొటో తీసుకోరు.

ఫైళ్లు జాగ్రత్త

గోడకి 12 బై 18 అంగుళాల ఫ్రేమ్ కట్టించాలంటే ఫొటో దాదాపు 3600 బై 5400 పిక్సెళ్లు ఉంటే మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది బాగా చిన్నదైపోతుంది. ఒరిజినల్ ఫైళ్లు అడిగి తీసుకుని రెండు చోట్ల దాచండి. ఒకటి ఇక్కడి ఇంట్లో, ఒకటి గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి దగ్గర.

పెద్దవాళ్లు పోయాక చాలా ఇళ్లలో ఫొటో కోసం వెతికితే ఆధార్ కార్డు మీదదే దొరుకుతుంది. దాన్నే పెద్దది చేయించి, మసకగా ఉన్నా సరిపెట్టుకుంటారు. అబ్బాయి సెలవు అయిపోకముందే, దాదీ "సరే" అంటే, ఈ వారమే ఒక రోజు అనుకోండి. స్టూడియోకి మెసేజ్ మాత్రం ఇవాళే పెట్టండి.