మీకు తెలుసా? పిడికెడు బియ్యంతో నడిచిన బడి

● తమిళనాడులోని విరుదునగర్‌లో పిడికెడు బియ్యమే పెట్టుబడిగా ఒక బడి నడిచింది. నాడార్ కులం వాళ్లకు పెద్ద గుళ్లలోకి ప్రవేశం లేని రోజులవి. తమ పిల్లలు చదువుకోవాలని వాళ్లు 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టుకున్నారు. ఇల్లాలు వంటకు బియ్యం కొలుచుకున్నప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేది. బడి తరఫు వాళ్లు ఇంటింటికీ వచ్చి ఆ బియ్యం పట్టుకెళ్లేవారు. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో బడి నడిచేది. తమిళంలో దాన్ని 'పిడి అరిసి' అంటారు. అరిసి అంటే బియ్యం. పిడి అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు.

● ఆ బడిలో చదువుకున్న పిల్లల్లో ఒకడు కామరాజ్. 1903 జూలై 15న విరుదునగర్‌లోనే పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. చదువు మధ్యలో ఆపేసి మేనమామ బట్టల కొట్లో పనికి చేరాడు. ఆయనే 1954లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. పిల్లలు ఒక పూటే బడికి వచ్చి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలని 1953లో తెచ్చిన పథకాన్ని ఆయన ప్రభుత్వం రాగానే ఎత్తేసింది.

● కామరాజ్ మధ్యాహ్న భోజన పథకం 1956లో ఎట్టయపురంలో మొదలైంది. కోవిల్‌పట్టికి దగ్గరి ఊరు, మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. అక్కడి జమీందారులు తెలుగు మూలాలున్న వాళ్లు. ప్రభుత్వ సొమ్ముకు ఊరివాళ్ల విరాళాలు తోడయ్యాయి. విరుదునగర్ పిడికెడు బియ్యం ఇక్కడ పిల్లల కంచాల్లోకే వచ్చింది.

● అంతకు ముందే, 1920లో, మద్రాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు తిండి పెట్టించింది. అప్పుడు సంస్థకు అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటి బిడ్డ.

● బడి సగంలోనే ఆగినా పైకి వచ్చినవాళ్లూ ఉన్నారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే రైతు ఇంట్లో పుట్టినవాడు రచయిత కి. రాజనారాయణన్. హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. ఆ కరిసల్ నేల, అంటే నల్లరేగడి నేల మనుషుల మాటతోనే తమిళంలో కథలు రాశాడు. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను ఆచార్యుడిగా పిలిచింది. ఇలాంటి తెలివి ఏ గుడిసెలోనైనా పుడుతుంది. బడి అందక అణిగిపోయిన వాళ్ల లెక్క మాత్రం ఎక్కడా ఉండదు.

● కామరాజ్ మొదలుపెట్టిన భోజన పథకాన్ని 1982లో ఎం.జి. రామచంద్రన్ బాగా విస్తరించాడు. 2022 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వ బడుల్లో ఉదయం టిఫిను కూడా మొదలైంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఈ రోజు మధ్యాహ్నం అన్నం ఉడుకుతోంది. కామరాజ్ పుట్టినరోజు తమిళనాట విద్యాభివృద్ధి దినం.

ఆకలితో కూర్చున్న పిల్లకూ, కడుపు నిండిన పిల్లకూ ఒకే పాఠం చెప్పినంత మాత్రాన ఇద్దరికీ సమానంగా చెప్పినట్టు కాదు. మీ ఊరి బడిలో అన్నం గంట కొట్టే వేళకు ఒకసారి వెళ్లండి. కంచంలో ఏముందో, వరసలో ఎవరు రాలేదో చూడండి. రాని పిల్ల ఇల్లు ఎక్కడో కనుక్కోండి. ఆ పిడికెడు మనం వేయాల్సింది అక్కడే.